ద లాంగ్ డార్క్: ఆట లొంగిపోయాక మనతో మనమే కట్టుకునే పందేలు

మిస్టరీ లేక్ ఒడ్డున క్యాంప్ ఆఫీసు నిండా కాచిన నీళ్లు, నేల మీద ఆరుతున్న తోళ్లు, పొయ్యి పక్కన కట్టెల గుట్ట. తోడేలు అరిచినా గుండె ఝల్లుమనదు. ఎటు వెళ్లాలో, ఎప్పుడు తిరిగి రావాలో చేతులకే తెలిసిపోయింది. ద లాంగ్ డార్క్ అనే ఈ వీడియో గేమ్ ఆడేవాళ్లలో చాలామంది వదిలేసేది ఇక్కడే. చచ్చిపోయి వదిలేసేవాళ్లకన్నా, చావక విసుగెత్తి వదిలేసేవాళ్లే ఎక్కువ.

దీనికి అందరూ చెప్పే మందు ఒక్కటే: కష్టం పెంచు, ఇంటర్‌లోపర్ అనే కఠినమైన స్థాయిలోకి పో. కొందరికి పనిచేస్తుంది. కానీ ఇంటర్‌లోపర్ కూడా నాలుగైదు సార్లు ఆడాక ఒక పద్ధతిలో పడిపోతుంది: సుత్తి వెతుకు, బొగ్గు ఏరు, కొలిమికి పో, బాణాలు చెయ్, ఇక నిశ్చింత. కష్టం పెరిగినా ఆలోచన మళ్లీ ఆగిపోతుంది. సొంత ఛాలెంజ్ పెట్టుకోవడంలో కిటుకంతా ఇక్కడే ఉంది. మీరు ఏ విషయం గురించి ఆలోచించడం మానేశారో ముందు పట్టుకోవాలి. నియమం సరిగ్గా అక్కడ పెట్టాలి. ఇంకెక్కడ పెట్టినా అది ఒట్టి చాకిరీ అవుతుంది.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. కెనడాకు చెందిన హింటర్‌ల్యాండ్ స్టూడియో ఈ ఆటను 2014 సెప్టెంబరులో ఎర్లీ యాక్సెస్‌గా వదిలింది, 2017 ఆగస్టు 1న పూర్తి రూపంలో విడుదల చేసింది. గ్రేట్ బేర్ ఐలాండ్ అనే కల్పిత దీవి, గడ్డకట్టిన అడవి, మీరు ఒక్కరే. చలి, అలసట, దాహం, ఆకలి అని నాలుగు గీతలు. వీటిలో ఏది ఖాళీ అయినా కండిషన్ అనే ప్రాణశాతం తరుగుతుంది. సర్వైవల్ మోడ్‌లో చనిపోతే ఆ సేవ్ చెరిగిపోతుంది. గెలుపు అనేది లేదు, ఎన్నాళ్లు ఉన్నారన్నదే లెక్క. అందుకే ఆటగాళ్లు తమ గమ్యాలు తామే పెట్టుకోవాల్సి వస్తోంది.

ముందు మీ సాయంత్రాలు లెక్కపెట్టండి

నియమాల కన్నా ముందు తేలాల్సింది గడువు. మామూలు వేగంలో ఆటలో ఒక గంట అంటే మనకు ఐదు నిమిషాలు. నిద్ర, కుట్టుపని, మాంసం కోయడం లాంటివి ఇంకా త్వరగా గడిచిపోతాయి. బెంగళూరులో మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో ఉంటూ, ఆఫీసు క్యాబ్ దిగి, తిని, తొమ్మిదిన్నరకు కూర్చుని పదకొండుకు లేచేవాళ్లకు సాయంత్రానికి ఆటలో ఒక రోజు, మహా అయితే రెండు రోజులు నడుస్తాయి. అంటే 100 రోజుల ఛాలెంజ్ రెండు మూడు నెలల పని. మధ్యలో ఉగాదో, ఊళ్లో పెళ్లో వస్తుంది. శుక్రవారం రాత్రి బస్సెక్కి ఊరెళ్లి నాలుగు రోజుల తర్వాత తిరిగొస్తే ఏ గుహలో ఏ తోలు ఆరేశారో గుర్తుండదు. చాలా ఛాలెంజ్‌లు తోడేలు నోట్లో కాదు, ఇలాంటి విరామంలో పోతాయి.

కాబట్టి ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్లకు 15 నుంచి 25 రోజుల పందెం సరైన కొలత. ఆటలోని జర్నల్‌లో రోజువారీ పేజీ ఉంటుంది, అందులో సొంత మాటలు రాసుకోవచ్చు. లేచేముందు మూడు సంగతులు రాయండి: ఏది ఎక్కడ ఆరుతోంది, తర్వాతి మజిలీ ఏది, నియమం ఎంతవరకు వచ్చింది.

దేశదిమ్మరి పందెం: ఒక్క అంకెలో అంతా ఉంది

అందరికీ మొదట తట్టేది ఇదే. "ఒకే చోట రెండు రాత్రులకు మించి పడుకోను." ఆటలోనే నోమాడ్ పేరుతో ఇలాంటి ఛాలెంజ్ ఒకటి ఉంది. కానీ సొంతంగా పెట్టుకునేటప్పుడు చాలామంది ఒక విషయం చూసుకోరు. తోళ్లు, పేగులు సంచిలో ఉంటే ఆరవు. ఇంటి లోపల నేల మీద పరిచి వదిలేయాలి. పేగుకు, జింక తోలుకు ఐదేసి రోజులు. తోడేలు తోలుకు ఏడు. ఎలుగుబంటి తోలుకు పన్నెండు.

ఇప్పుడు నియమానికి ఒక్క వాక్యం చేర్చండి: "ఒకసారి వదిలిన చోటికి మళ్లీ రాను." ఏమైంది? ఎండిన పేగు లేదు కాబట్టి విల్లు లేదు. తోలు లేదు కాబట్టి తోలు బట్టలు లేవు. ఇళ్లలో దొరికిన చిరుగు బట్టలతోనే ముగింపు దాకా లాగాలి. అదే వాక్యాన్ని "ఐదు రోజుల తర్వాత తిరిగి రావచ్చు" అని మారిస్తే విల్లు చేతికొస్తుంది, మీ ప్రయాణం గీతలా కాకుండా వలయంలా మారుతుంది. పన్నెండు అంటే ఎలుగు తోలు కోటు కూడా అందుబాటులోకి వస్తుంది, కానీ అంత పెద్ద వలయంలో తిండి మోయాలి. ఒక్క అంకె మారిస్తే ఆటే మారిపోతోంది. ఏ అంకె మంచిదంటే, ఐదు. విల్లు దొరుకుతుంది, కానీ ఆరేసిన చోటు గుర్తుపెట్టుకుని, మంచు తుఫాను లెక్క వేసుకుని, తిరిగి రావాలి.

రెండో ఒత్తిడి బరువు. మామూలుగా 30 కిలోలు మోయగలరు. అంతకు మించితే నడక నెమ్మదిస్తుంది, వాలులో మడమ బెణుకుతుంది. స్థిరంగా ఒకచోట ఉండేవాడికి బరువు సమస్యే కాదు, అన్నీ ఇంట్లో పడేస్తాడు. దిమ్మరికి ప్రతి మజిలీలో ఏది వదలాలో తేల్చుకోవాలి. పచ్చి మాంసం మోస్తే ఇంకో తలనొప్పి: వాసన. మాంసం, పచ్చి పేగులు, పచ్చి తోళ్లు సంచిలో ఉంటే వాసన గీతలు లేస్తాయి, తోడేళ్లు దూరం నుంచే పసిగడతాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు పది కిలోల జింక మాంసం వేసుకుని బయల్దేరి, మొదటి వంతెన దగ్గరే చిక్కుకుంటారు. దిమ్మరి పందెంలో నడుస్తూ తినడానికి జమ్ము కాడలే ఉత్తమం. ఆటలో క్యాట్‌టెయిల్ అని కనిపించేవి ఇవే. ఒక్కోటి 150 క్యాలరీలు, చెడిపోవు, వాసన రావు, దాదాపు బరువే ఉండవు. అయితే ఒకసారి కోసిన చోట మళ్లీ మొలవవు.

"వేటాడను" అంటే సరిపోదు

శాకాహార పందెం మనవాళ్లలో భలే ఇష్టంగా పెట్టుకుంటారు, ముఖ్యంగా శనివారాలు నీసు ముట్టని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు సరదాగా. కాగితం మీద ఇది ఘోరమైన నియమం. డబ్బాల తిండి తరిగిపోతుంది, జమ్ము మళ్లీ మొలవదు, ఇక చావే అనిపిస్తుంది.

ఆటలో మాత్రం అలా జరగదు. నిద్రలో గంటకు 75 క్యాలరీలు ఖర్చవుతాయి. పది గంటల నిద్రకు 750. అంటే ఐదు జమ్ము కాడలు. ఆకలితో పోయే ప్రాణశాతం నెమ్మదిగా పోతుంది, చలి తీసినంత వేగంగా తీయదు. కాబట్టి పాత ఆటగాళ్లు ఏం చేస్తారంటే, పగలంతా పస్తుండి, పడుకోబోయే ముందు మాత్రం ఆ 750 తింటారు. పగలు తగ్గిన ప్రాణం రాత్రి నిద్రలో తిరిగి వస్తుంది. రోజుకు రెండు వేల పైన తినాల్సినవాడు మూడో వంతుతో గడిపేస్తాడు. వేటాడను అన్న నియమం ఈ పస్తుల లెక్కతో నీరుగారిపోతుంది.

దీన్ని కట్టడి చేసే నియమం వేరు: "ఆకలి గీత ఎప్పుడూ ఖాళీ కాకూడదు." దీనికి ఆటే సాయం చేస్తుంది. మూడు రోజుల పాటు, అంటే 72 గంటలు, ఆకలి గీత ఖాళీ కాకుండా చూసుకుంటే వెల్ ఫెడ్ అనే స్థితి వస్తుంది. మోసే బరువు 5 కిలోలు పెరుగుతుంది, గరిష్ఠ ప్రాణం 5 శాతం పెరుగుతుంది. ఒక్కసారి పస్తుంటే అది పోతుంది. తెర మీద గుర్తు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి నియమం తప్పారో లేదో వాదించుకోవాల్సిన పనే లేదు. "వేటాడను, కానీ 5వ రోజు నుంచి 20వ రోజు దాకా వెల్ ఫెడ్ పోనివ్వను" అని పెట్టుకుని చూడండి. ప్రతి అల్మారా తెరవాల్సి వస్తుంది, ప్రతి చెరువు గట్టు తిరగాల్సి వస్తుంది. మామూలు ఆటలో ఎప్పుడూ తొంగిచూడని ఇళ్లకు వెళ్తారు. చేపలు తినవచ్చా అన్నది ముందే తేల్చుకోండి. ఒప్పుకుంటే పందెం సగం తేలికవుతుంది, ఎందుకంటే చేపలకు అంతు లేదు.

దీనికి తలకిందులు పందెం కూడా ఉంది: తోడేలు, ఎలుగు మాంసం మాత్రమే తినడం. మొదట్లో భయంకరం. మాంసాహార జంతువుల మాంసం తిన్నకొద్దీ కడుపులో పురుగులు పట్టే ప్రమాదం పెరుగుతుంది. పడితే పది రోజుల పాటు రోజూ యాంటీబయాటిక్స్ గానీ రేషీ పుట్టగొడుగు టీ గానీ తీసుకోవాలి. కానీ వంట నైపుణ్యం 5వ స్థాయికి చేరగానే వండిన మాంసంతో ఈ ప్రమాదం పోతుంది. ఆ క్షణం నుంచి పందెం పందెం కాదు. ఇలాంటి నియమాలకు ఆయుష్షు ఉంటుంది. పెట్టుకునేటప్పుడే "వంట 5కి చేరిన రోజుతో ఇది ముగిసింది" అని రాసుకోవడం మేలు. ఆ తర్వాత సాగదీస్తే మళ్లీ క్యాంప్ ఆఫీసు విసుగే.

ఏమీ తీసుకోకుండా బతకడం కుదురుతుందా?

"ఏ ఇంట్లోనూ ఏదీ ముట్టుకోను, అడవి మీదే బతుకుతాను." వినడానికి ఎంతో బాగుంది. రెండో రోజే కూలిపోతుంది, కారణం తిండి కాదు, నీళ్లు. మంచు కరిగించి కాచాలంటే గిన్నె కావాలి. కనీసం ఖాళీ డబ్బా కావాలి. ఆ డబ్బా, డబ్బా తిండి తెరిస్తే వస్తుంది. ఆ తిండి ఎవరి ఇంట్లోనో ఉంటుంది. అలాగే నిప్పు. అగ్గిపుల్లలు లేకపోతే భూతద్దం, అది ఆరుబయట ఎండ ఉన్నప్పుడే పనిచేస్తుంది. భూతద్దం కూడా అడవిలో మొలవదు.

అందుకే ఈ పందేన్ని మినహాయింపులతో మొదలుపెట్టాలి: ఒక డబ్బా, ఒక నిప్పు సాధనం, ఒక పరుపు సంచి. అంతే. నిప్పు సాధనంగా భూతద్దం ఎంచుకుంటే ఆట రుచే వేరు. ఎండ ఉన్నప్పుడు రాజేసిన మంటను రాత్రికి దాటించాలి. ఒక మంట గరిష్ఠంగా 12 గంటలు కాలుతుంది. మంట నుంచి కాగడా తీసుకుని ఇంకోచోట రాజేయవచ్చు. వాతావరణం చూసి రేపటి నిప్పు గురించి ఈరోజే ఆలోచించడం మొదలవుతుంది. అగ్గిపెట్టె నిండా పుల్లలున్నప్పుడు ఈ ఆలోచన ఎవరికీ రాదు.

ఆరుబయట నిద్ర, గుహల పేచీ

బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. డిసెంబరులో పద్నాలుగు డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టుకునే మనకు మైనస్ ముప్పై అన్న అంకె ఒంటికి తెలిసిన అంకె కాదు. అందుకే మన ఆటగాళ్లు గాలి ఉష్ణోగ్రత మీద కన్నేసి, గాలి వేగాన్ని మరిచిపోతుంటారు. ఆటలో చూడాల్సింది "ఫీల్స్ లైక్" అంకె. గాలి ఉష్ణోగ్రత, గాలి కోత, మీ బట్టల వెచ్చదనం, అవి గాలిని ఆపే శక్తి, అన్నీ కలిసి వచ్చేది అదే. బండరాయి చాటుకు పది అడుగులు జరిగితే ఆ అంకె ఎంతో మారిపోతుంది.

ఆరుబయటే పడుకుంటాను అనే పందెం ఈ విషయాన్ని బలవంతంగా నేర్పుతుంది. పైగా ఇంట్లో ఎక్కువకాలం ఉంటే వచ్చే క్యాబిన్ ఫీవర్ బెడద ఉండదు. కానీ ఇక్కడ పేచీ మొదలయ్యేది "బయట" అంటే ఏమిటి అన్న దగ్గర. గుహలు రెండు రకాలు. కొన్నింట్లోకి అడుగుపెడితే లోడింగ్ తెర వస్తుంది, లోపల వాతావరణం వేరు. కొన్ని నోరు తెరుచుకున్న బిలాలు, తెర రాదు. కారు సంగతేమిటి? సొంతంగా కట్టుకున్న మంచు గుడిసె? ఏ వాదనా లేకుండా తేల్చే కొలబద్ద ఒకటుంది: లోడింగ్ తెర వస్తే అది లోపల, రాకపోతే బయట. మంచు గుడిసెకు 15 పుల్లలు, 5 గుడ్డముక్కలు పడతాయి. ఆ గుడ్డముక్కల కోసం కర్టెన్లు చింపుకుంటూ ఇళ్లు తిరగాల్సిందే కాబట్టి అది ఉచితంగా వచ్చిన సుఖం కాదు, ఒప్పుకోవచ్చు. మంట మాత్రం గాలి దిక్కు మారితే ఆరిపోతుంది. గాలి ఎటు వీస్తోందో చూడకుండా, ఒకవైపే చాటు ఉన్నచోట మంట వేసి పడుకున్నవాళ్లు నిద్రలోనే పోతారు.

ఒకే ప్రాంతంలో ఉండిపోవడం కూడా చాలామంది ఎంచుకుంటారు. ప్రాంతాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. ఇంటర్‌లోపర్‌లో తయారైన కత్తి, గొడ్డలి, తుపాకీ దొరకవు. కత్తి, గొడ్డలి, బాణపు మొనలు కొలిమిలో చేసుకోవాలి. దానికి బరువు సుత్తి ఉండాలి, మంట 150 డిగ్రీలకు చేరాలి, అంటే బొగ్గు పోయాలి. మిస్టరీ లేక్‌లో కొలిమి లేదు. దగ్గరిది పక్కనున్న ఫోర్లార్న్ మస్కెగ్‌లోని స్పెన్స్ హోమ్‌స్టెడ్‌లో. "మిస్టరీ లేక్ దాటను" అని ఇంటర్‌లోపర్‌లో అన్నారంటే, తెలిసో తెలియకో బాణాలను వదులుకున్నట్టే. డెసొలేషన్ పాయింట్‌లో అదే మాట అంటే రైకెన్ ఓడలో కొలిమి ఉంది కాబట్టి ఆ చిక్కు లేదు.

నియమం రాసే తీరు

వాడకం మీద పెట్టిన నియమం నిలవదు. దగ్గర ఉండడం మీద పెట్టినది నిలుస్తుంది. "కత్తి వాడను" అనుకున్నారు, కత్తి సంచిలోనే ఉంది. తోడేలు మీద పడింది. పెనుగులాటలో ఆయుధం ఎంచుకోమని ఆట అడుగుతుంది, ప్రాణం మీదికొచ్చినప్పుడు చెయ్యి కత్తి మీదికే పోతుంది. "కత్తి సంచిలో ఉండదు" అని రాస్తే ఆ గొడవే రాదు.

నియమాలు రెండు చాలు. మూడోది చేరిస్తే ఏది చంపిందో తేల్చలేరు, తర్వాతి పందెం ఎలా మార్చుకోవాలో తెలియదు. గడువున్న పందెమైతే, ఉదాహరణకు టింబర్‌వుల్ఫ్ మౌంటెన్ శిఖరం మీద కూలిన విమానాన్ని ఫలానా రోజుకల్లా చేరడం లాంటిది, మీ అంచనాకు కనీసం మూడు రోజులు కలపండి. తాళ్లు ఎక్కడానికి ఒంట్లో సత్తువ మిగిలి ఉండాలి. మంచు తుఫాను ఒక రోజు కూర్చోబెడితే, ఆ రోజు తిండి, కట్టెలు కూడా పోతాయి.

ఇక సేవ్ సంగతి. ఆట తలుపు దాటినప్పుడు, నిద్రపోయినప్పుడు, గాయమైనప్పుడు సేవ్ అవుతుంది. మధ్యలో కరెంటు పోతే డెస్క్‌టాప్ వాళ్లు ఆఖరి తలుపు దగ్గరికి వెనక్కి పోతారు. వర్షాకాలం సాయంత్రాల్లో ఇది ఎవరికైనా జరిగేదే. చిన్న యూపీఎస్ ఉంటే తలుపు దాటేంత సమయం దొరుకుతుంది. యూపీఎస్ లేనివాళ్లు ముందే రాసుకోవాలి: కరెంటు పోతే సేవ్ ఉన్నచోటి నుంచి కొనసాగింపు, పందెం చెడినట్టు కాదు. ఈ ఒక్క వాక్యం లేకపోతే, ఎలుగు వెంటపడినప్పుడు ఆట మూసేయడానికీ, కరెంటు పోవడానికీ మధ్య గీత మసకబారుతుంది. ఆ గీత మసకబారిందంటే మిగతా నియమాలన్నీ మాటవరసకే.

స్నేహితులతో పోటీ పడితే

ఫ్లాట్‌లో నలుగురుంటే పోటీ తప్పదు. కస్టమ్ మోడ్‌లో అమరికలన్నీ ఒక కోడ్‌గా వస్తాయి, దాన్ని వాట్సాప్‌లో పంపితే అందరూ ఒకే అమరికతో మొదలుపెట్టవచ్చు. మొదలయ్యే ప్రాంతం, తుపాకులు ఉండాలా వద్దా, జంతువుల సంఖ్య, క్యాబిన్ ఫీవర్, కడుపు పురుగులు, చివరికి తెల్లారని రాత్రి దాకా కోడ్‌లోనే పెట్టవచ్చు. కోడ్ చేయగలిగిన పని కోడ్‌కే వదిలేయండి. "తుపాకీ ముట్టుకోను" అని మాట తీసుకునే బదులు తుపాకీలే లేని లోకం తయారు చేసుకోవచ్చు. మనిషి మాట మీద నిలబడాల్సినవి మాత్రమే సొంత నియమాలుగా ఉంచండి: ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు, ఎప్పుడు తిరిగొస్తారు.

అయితే ఒక తిరకాసుంది. కోడ్ అమరికలను పంచుతుంది, లోకాన్ని కాదు. ఒకరికి మొదటి ఇంట్లోనే సుత్తి దొరకవచ్చు, ఇంకొకరు మూడు ప్రాంతాలు తిరగాల్సి రావచ్చు. అందుకని ఎవరు ఎన్ని రోజులు బతికారన్న ఒక్క అంకెతో గెలుపు తేలిస్తే అందులో అదృష్టం పాలు ఎక్కువ. బదులుగా వ్యవధి పోల్చండి: సుత్తి చేతికొచ్చిన రోజు నుంచి మొదటి బాణం తయారైన రోజుకు ఎన్నాళ్లు పట్టింది? వెల్ ఫెడ్ ఎన్నిసార్లు పోయింది? చనిపోయిన రోజున ప్రాణం తీసింది చలా, తోడేలా, ఆకలా? జర్నల్ పేజీలు ఫోన్‌లో ఫొటో తీసి ఎప్పటికప్పుడు గ్రూపులో పెట్టేయండి.